రెండు వేళ్ళ సంగతి

మార్చి 6, 1983
చర్చిలో పియానో వాయించి రాగానే మళ్ళీ కాపీ పని. నెర్మిన్ మేడమ్ పదకొండేళ్ళుగా రాస్తున్న పియానో కన్చెర్టో, పియానోకు ఆర్కెస్ట్రా అంతా తోడు వాయించే పెద్ద రచన... అందులోంచి ఒక్కో వాద్యం భాగాన్నీ విడిగా ఎత్తి రాయాలి. వారమంతా హాస్పిటల్ ల్యాబ్‌లో స్లైడ్లు, ఆదివారం ఈ స్వరాల చుక్కలు. కళ్ళు మంట.

మార్చి 9
మేడమ్ ఇంట్లో టీ. ఇస్తాంబుల్‌లో పదేళ్ళకే కచేరీ చేసిన మనిషి. అమెరికా వచ్చి ముప్పై ఏళ్ళు. కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పడంతోనే గడిచిపోయాయి. "మే నెలలో నా కన్చెర్టో నేనే వాయిస్తాను, రూత్. ఆ తర్వాత పియానో మూసేసినా ఫర్వాలేదు."

మార్చి 20
ఆవిడ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళకు స్పర్శ లేదట. ఏడాదిగా! "డాక్టర్ దగ్గరికి వెళ్ళను. ఆర్కెస్ట్రా నడిపే కండక్టర్‌కు చెప్పకు." సరేనన్నాను.
ఇంట్లో మా ఆయన ప్రకాశం ఒకటే గొడవ. "నీకెందుకే రూతూ ఈ తలనొప్పి? జాబ్ చేసి రావడం చాలదా?"
చాలు. నిజమే.

మార్చి 27
మేడమ్ వాయిస్తుంటే పక్కన కూర్చుని పేజీలు తిప్పాను. ఎడమచేతి స్వరాలు సగం పలకడం లేదు. "బాగుందా?"
"బాగుంది మేడమ్."

ఏప్రిల్ 2
పని లేదు. నిద్రే నిద్ర.

ఏప్రిల్ 8
రాసిన కాగితాలన్నీ కండక్టర్‌కు ఇచ్చి వచ్చాను. ఆయన మాటవరసకు అడిగాడు — మేడమ్ ప్రాక్టీస్ ఎలా సాగుతోంది? 'బాగానే' అనేసి కార్ ఎక్కాల్సింది. "ముందు చెయ్యి డాక్టర్‌కు చూపిస్తే మంచిది" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఏ చెయ్యి?"
అంతా చెప్పేశాను.
జాలితో చెప్పానా? అలసిపోయి చెప్పానా?

ఏప్రిల్ 13
ఆవిడకు కండక్టర్ నుంచి ఉత్తరం వచ్చింది. న్యూయార్క్ కుర్రాడెవరో వాయిస్తాడట. రాసిన మనిషిగా ఆవిడ పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేస్తారట. నా ముందే చదివి మడిచి, మళ్ళీ విప్పి చదివింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మే 14
కచేరీ అయింది. కుర్రాడు ఒక్క స్వరం తప్పలేదు. రెండో భాగంలో ఎడమచేతి నడక మేడమ్ వాళ్ళ నాన్న కుట్టు మిషన్ చప్పుడట. ఇవాళే చెప్పింది. అది వస్తుంటే పక్క సీట్లోంచి నా చెవిలో అంది — "మిషన్ అంత వేగంగా తొక్కితే దారం తెగుతుంది."
హాలంతా లేచి నిలబడి చప్పట్లు. కండక్టర్ పిలిస్తే ఆవిడ వేదిక ఎక్కి, కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని వంగింది. నేను చప్పట్లు కొట్టలేకపోయాను.

మే 15
చర్చిలో ఈ వారం పియానో నావల్ల కాదన్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

మే 22
మేడమ్ ఫోన్. చిన్న పాట ఒకటి మొదలుపెట్టిందట, వచ్చే ఆదివారం రమ్మంది. ఆ తర్వాత — "చేతి సంగతి కండక్టర్‌కు ఎవరు చెప్పారో నీకేమైనా తెలుసా?"
వంటింట్లో ప్రకాశం కుళాయి కట్టేశాడు. వింటున్నాడు.
"ఆదివారం వస్తాను మేడమ్" అన్నాను.
"నేను అడిగింది అది కాదు, రూత్."