పగిలిన డ్రమ్ము

మంగళవారం, రాత్రి

ఈరోజు అబద్ధం చెప్పాను. అదీ సరోజమ్మగారికి.

వెనక బ్రేకులు బాగుచేయమని వాళ్ళ నాయన నడిపిన పాత కారును ఆమె చిత్తూరు నుంచి రేణిగుంటలోని నా షెడ్డుకు పంపారు. ఆ కాలపు కార్లలో వెనక చక్రం హబ్బు, దానికున్న బ్రేకు డ్రమ్ముతో సహా, ఇరుసుకు బిగుసుకుపోయి ఉంటుంది. ఊడదీయాలంటే హబ్బుకే బోల్టులతో బిగించి బయటికి లాగే పుల్లర్ కావాలి. నాకు పని నేర్పిన మునస్వామన్న నిన్ననే ఫోన్లో చెప్పాడు.

“మూడు కాళ్ళ పుల్లర్ పెట్టొద్దప్పా, డ్రమ్ము అంచు పగుల్తాది. సరైంది నా దగ్గర ఉండాది. బంగారుపాళ్యం వచ్చి ఎత్తుకొని పో.”

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన్నే అడగాలా అనిపించింది. మూడు కాళ్ళదే డ్రమ్ము అంచుకు తగిలించి సుత్తితో కొట్టాను. నాలుగో దెబ్బకు డ్రమ్ము పగిలింది.

మధ్యాహ్నం సరోజమ్మగారు వచ్చి, దాన్ని చూసి నిలబడిపోయారు.

“ముందే పగిలి ఉండాదమ్మా,” అన్నాను.

“అట్లనా? నేనే సూసుకోలేదప్పా. పాపం, నీకు పని ఎక్కువ చేసినాను,” అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం రెండో చక్రం కోసం ఆ పుల్లర్ అడుగుదామని మునస్వామన్నకు ఫోన్ చేశాను.

“మొదటిది ఎట్లా ఊడినాది?” అని అడిగాడు.

“సులువుగానే వచ్చేసిందన్నా.”

ఆయన ఎంత సంతోషపడ్డాడో. “అయినా రెండోదానికి సరైందే పెడదాం. రేపు పొద్దున పుల్లర్ నేనే తెస్తాలే,” అన్నాడు.

ఆ డ్రమ్ము చూస్తే ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆయన రాకముందే సరోజమ్మగారికి నిజం చెప్పాలి. ఇప్పటికి రెండుసార్లు నంబరు తీసి, ఫోన్ పక్కన పెట్టేశాను. ఆమె మళ్ళీ నన్నే ఓదారుస్తారేమోనని భయంగా ఉంది.