చావిడి ముందు మన బ్యాండు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నిన్న సాయంత్రం మన బ్యాండు రేడియోలో వచ్చింది. సిలోను దాకా విన్నారట. నాకు అది గొప్ప కాదు. మన పంచాయతీ రేడియో ఉన్నది చావిడి గోడకేగా! మనం అక్కడికి రాగానే వాయిద్యాలు దించి, చప్పుడు చేయకుండా నడవాలనేవాళ్లు ఊళ్లోని పెద్దకులాలవాళ్లు. ఒక్కసారి దించనందుకు నీ ట్రంపెట్‌ను నేలకేసి కొట్టారు.

నిన్న అదే చావిడిలో వాళ్ల పెద్దాయన, "ఏందిరా ఇది, చానా బాగుంది, సౌండు పెంచండి" అన్నాడు. మన బ్యాండని తెలిశాక నన్ను పిలిచి, "మా మనవరాలి పెళ్లికి మీరే వాయించాలిరా" అన్నాడు.

"వాయిస్తామండీ. మొదటి పాట మాత్రం ఈ చావిడి ముందే" అన్నాను.

ఆ రోజు నేను ఊదేది నీ ట్రంపెట్టే. సొట్ట తీయించలేదు.