రెండో సీసాలోని నీళ్లు

గుండ్లపోచంపల్లి,
20 జూన్ 1999.

నయన మేడం గారికి,

చేపలు పట్టే గాలయ్య కూతురు బాలమణి నమస్కరించి రాయునది. ఇక్కడ నాయిన, నేను, మా బర్రె క్షేమం. మీరూ, మీ యూనివర్సిటీ సీసాల్లోని నీటి పురుగులూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం చదివితే తల తిరిగింది. ఆవగింజంత కూడా లేని పురుగుల జన్యువులు చూసి, ఇవి ఫలానా చెరువువని ఎట్లా చెబుతారో నాకిప్పటికీ వింతే. మా కుంట పురుగులది ఒక వంశం, శామీర్‌పేట చెరువు పురుగులది ఇంకో వంశం అని రెండేళ్లుగా మీరంటున్నారు. మరి మే నెలలో కుంటదొకటి, చెరువుదొకటి అని నేను నింపి పంపిన రెండు సీసాల్లోనూ ఒకే వంశం ఎట్లా వచ్చింది, అంత దూరం ఎట్లా దాటాయి అని అడిగారు. జవాబు దొరికితే థీసిస్‌లో ఒక అధ్యాయమే రాస్తానన్నారు. నెలాఖరుకే ఇచ్చెయ్యాలి కదా, అందుకని ఊరంతా అడిగి వచ్చాను.

ముందు నాయిననే పట్టుకున్నాను, చేపపిల్లల బిందెతో శామీర్‌పేట నీళ్లేమైనా తెచ్చి పోశావా అని. గా కుంటల చేపపిల్లల్ని ఇడిసి మూడేండ్లాయె, నన్ను పరేషాన్ జెయ్యకు అని కసిరాడు. శామీర్‌పేటలో ఉండే మా మేనత్త ఈదమ్మ, కొంగల కాళ్లకు అంటుకొని వచ్చుంటయి, ఇంకేంది అంది. మీ అనుమానమూ కొంగ మీదే కదా. బర్రెలు కాసే బాలనర్సయ్య తాత మాత్రం నవ్వి, నీళ్లే లేని కుంటకు కొంగ ఎందుకొస్తది పిల్లా అన్నాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

రోజూ మీవైపు బస్సులో వచ్చే జనార్ధన్ సారు చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక డబ్బా ఇస్తున్నాను. కింద రాసింది చదివాకే మూత తియ్యండి.

ఇట్లు,
మీ శిష్యురాలిననుకునే
బాలమణి

తా.క.: కొంగ ఏ పాపమూ ఎరగదు మేడం. మే ఒకటో తారీఖుకే మా కుంట ఎండి నెర్రెలిచ్చింది. ఖాళీ సీసా పంపితే మీరిక మా ఊరు రారేమో, మీ భూతద్దంలో ఆ పురుగు గుండె కొట్టుకోవడం నాకిక చూపించరేమో అని భయమేసింది. రెండు సీసాలూ శామీర్‌పేట చెరువులోనే ముంచి, ఒకదాని మీద మా ఊరి పేరు రాశాను. ఎవరైనా ఇంకో జవాబు చెప్పకపోతారా అని ఊరంతా తిరిగాను. చాలా సిగ్గుగా ఉంది. నా అబద్ధం మీ థీసిస్‌లోకి ఎక్కకూడదు.

నీళ్లు ఎండినా ఆ పురుగుల గుడ్లు బురదలో ఏళ్ల తరబడి నిద్రపోతాయని మీరే చెప్పారు. ఇప్పుడు ప్లాట్లు చేస్తారట, కుంటలో మొరం పోస్తున్నారు. అంతకుముందే అడుగు మట్టి తవ్వి తెచ్చి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, కొంగ కాదుగదా దోమ కూడా వాలకుండా గుడ్డ కట్టాను. తొమ్మిదో రోజు కదిలాయి. డబ్బాలో ఉన్నవి అవే. ఏ వంశమో మీరే చూడండి. ఈసారి చీటీ మీద ఊరి పేరు నేను రాయలేదు.