బల్బు ఆర్పేసిన మొదటి రోజు

అత్తయ్యా,

బస్సు టైమైంది, మిమ్మల్ని లేపలేదు. కోడిపిల్లలకి ఐదు వారాలు నిండాయని పొద్దున్నే బల్బు ఆర్పేశాను. కాస్త ఎండెక్కాక పెరట్లో గడ్డి మీద వదిలి, సగం నీడ పడేలా గంప బోర్లించండి. పైన రాయి పెట్టండి, పిల్లి తిరుగుతోంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి అరిస్తే చలేసినట్టే, వెంటనే లోపలికి తెచ్చి బల్బు వేసేయండి. ఏం తోచకపోతే ఫోన్ చేయండి, పనిలో ఉన్నా ఎత్తుతాను. మూడింటికల్లా లోపల పెట్టేయండి.

అన్నట్టు, పోయినసారి కోడిపిల్లలు చలికి చచ్చిపోయింది మీరు తలుపు తీసిపెట్టినందుకు కాదు. మూడో వారంలోనే బల్బు ఆర్పేసి డ్యూటీకి వెళ్లింది నేను. అందరూ మిమ్మల్ని అంటుంటే నోరు మెదపలేదు. సాయంత్రం వచ్చాక తిడుదురుగాని, ముందు వాటిని చూడండి.