పలచటి కవర్లు

మార్చి 4

ప్రియమైన చిన్నోడికి,

అక్క దీవించి రాసేది. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు నుంచి నువ్వు గడ్డం గీసుకోలేదని విన్నాను. ఫిట్టరు పని పోయింది గానీ చేతులు పోలేదుగా! పొద్దున ఆరింటికి లే. రోజుకు రెండు దరఖాస్తులు పెట్టు. ఒకటి తగ్గితే మర్నాడు మూడు. నువ్వు గదులు మారుస్తుంటావు కనుక జవాబులకు మా చిరునామా ఇవ్వు. గళ్ళ పుస్తకంలో ఎక్కించి నీకు పంపిస్తాను.

కవరు పట్టుకుంటేనే నాకు తెలిసిపోతుంది. పలచగా ఉంటే 'చింతిస్తున్నాం' అనే ఒక్క కాగితం. మందంగా ఉంటే ఉద్యోగం. మీ బావగారి ఆర్డరు అప్పట్లో దిండులా వచ్చింది, గుర్తుందా?

నీ మేలు కోరే అక్క


ఏప్రిల్ 11

ప్రియమైన అక్కకు,

నీ హుకుం ప్రకారం ఆరింటికే లేస్తున్నాను. నువ్వు పంపిన తొమ్మిది 'చింతిస్తున్నాం'లూ గోడకు అంటించాను. నా గురించి ఇంతమంది చింతిస్తున్నారని తెలిస్తే అమ్మ పొంగిపోయేది. కానీ తొమ్మిదోది చదివాక రెండు రోజులు మంచం దిగలేదక్కా.

నిన్న గాజు సీసాల ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. ఫోర్మన్ ఒక పాడైన వాల్వు చేతికిచ్చి, "విప్పి బిగించు" అన్నాడు. బిగించాను. "చేతిలో పనుందయ్యా" అన్నాడు. పదిహేను రోజుల్లో ఉత్తరం రాస్తారట.

ఇది రావాలి. మామగారు తేల్చి చెప్పేశారు: "బడి తెరిచేలోపు ఉద్యోగం చూపించి పెళ్ళాన్నీ పిల్లనూ తీసుకెళ్ళు. లేదంటే పాపను ఇక్కడే చేర్పిస్తాం." మొన్న చూడటానికి వెళ్తే, పాప తలుపు తీసి, లోపలికి తిరిగి, "అమ్మా, నాన్న వచ్చాడు, ఉద్యోగం లేకుండానే" అంది.

కవరు ఎప్పుడు ఒళ్ళు చేస్తుందో చూస్తూ,
చిన్నోడు


ఏప్రిల్ 27

ప్రియమైన చిన్నోడికి,

సీసాల ఫ్యాక్టరీ నుంచి ఇంకా ఏమీ రాలేదు. మిగతా చోట్ల నుంచీ లేదు. ఏమీ రాలేదంటే ఎవరూ కాదనలేదనేగా! పెద్ద ఫ్యాక్టరీ, పది సంతకాలు పడాలి. నువ్వెళ్ళి గేటు దగ్గర తచ్చాడకు, చులకనైపోతావు. మీ బావగారు "వీడికిక దొరికినట్టే" అని దీర్ఘం తీస్తే నోరు మూయించాను.

గడ్డం గీసుకుంటున్నావుగా?

నీ మీద నమ్మకమున్న అక్క


జూన్ 2

ప్రియమైన అక్కకు,

నిన్న బడి తెరిచారు. పాపను అక్కడే చేర్పించారు.

ఇవాళ బస్టాపులో సీసాల ఫ్యాక్టరీ ఫోర్మన్ కనిపించాడు. మొహం తిప్పుకుంటే భుజం పట్టుకుని ఆపాడు. "ఏమయ్యా, రమ్మని ఉత్తరం రాస్తే రావా? నీ చోటు పది రోజులు ఖాళీగా ఉంచాం. ఎవరి మీద బెట్టు?" అన్నాడు. ఏప్రిల్ ఇరవైన పోస్టు చేశారట. ఇప్పుడు ఆ పనిలో ఇంకొకడున్నాడు.

పోస్టులో పోయి ఉంటుంది, కదూ? నీ పుస్తకం ఒక్కసారి చూడవా?

చిన్నోడు


జూన్ 6

ప్రియమైన చిన్నోడికి,

పోస్టులో పోలేదు.

తొమ్మిదోది చదివి మంచం దిగలేదన్నావు చూడు, పలచటివి ఇక నీకు పంపకూడదని ఆరోజే అనుకున్నాను. చదివితే నా ఉత్తరాల్లో ఆ సంగతి నీకు తెలిసిపోతుందని నేనూ విప్పలేదు. బిస్కెట్ల డబ్బాలో తేదీల వరసన పెట్టాను. నీ ఉత్తరం అందాక మొత్తం పధ్నాలుగూ విప్పాను. పదమూడు 'చింతిస్తున్నాం'. ఆరోదానిలో ఒకే వాక్యం: "మే రెండో తేదీలోపు వచ్చి పనిలో చేరవలెను."

ఉద్యోగమైతే మందంగా వస్తుందనుకున్నానురా. నీ ధైర్యం పోకూడదనే చేశాను. బెంగ పెట్టుకోకు. రేపటి నుంచి మళ్ళీ ఆరింటికి లే. కొత్త ప్రకటనలు మూడు కత్తిరించి ఇందులో పెట్టాను.

అక్క


జూన్ 15

ప్రియమైన అక్కకు,

ఈ కవరు పలచగానే ఉంటుంది. విప్పవేమోనని పైన నా పేరు పెద్దక్షరాలతో రాశాను.

పని దొరికింది. సీసాల ఫ్యాక్టరీలోనే. పగిలిన గాజు ఊడ్చాలి. దీనికి ఉత్తరమేమీ అక్కర్లేదన్నారు. నా చోట చేరిన ఫిట్టరు కుర్రాడు, మంచివాడే. వాల్వు బిగియకపోతే చీపురు పక్కన పెట్టించి నన్ను పిలుస్తాడు. మామగారికి చెప్పాను. "దీన్ని ఉద్యోగమని పాపకు చెప్పమంటావా?" అన్నారు. వద్దన్నాను.

ఆరింటికే లేస్తున్నాను. నువ్వు కాపాడిన ధైర్యం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు. ఇకమీదట నా పేరున ఏమొచ్చినా, లావో సన్నమో చూడకుండా పోస్ట్‌మాన్‌కే తిరిగిచ్చెయ్. ఆ పుస్తకంలో నా పేజీ కూడా కొట్టెయ్.

చింతిస్తూ,
నీ తమ్ముడు