వెనక సీటు

చిరంజీవి తురాత్‌కు నాన్న మనసారా దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఈమధ్యే ఈనిన ఆడగుర్రం పాలు తనే పితుకుతోంది, నన్ను దగ్గరికి కూడా రానివ్వడం లేదు. నువ్వడిగిన ఉన్ని మేజోళ్లు అల్లడం పూర్తయింది, వేరే పార్శిల్లో వస్తాయి.

మీ విమాన శిక్షణ బడి మా పాత రెజిమెంటు నుంచే పుట్టింది కాబట్టి, దాని చరిత్ర రాసి వార్షికోత్సవంలో చదవమని నీకు అప్పజెప్పారని రాశావు. సంతోషం. తెలిసినంత చెబుతాను.

యుద్ధం మీదికి వస్తుంటే మేం నలభై ఒకటి అక్టోబరులో ఉక్రెయిన్ నుంచి రైల్లో వచ్చాం. రెక్కలు ఊడదీసిన విమానాలు, గడ్డి మీద పడుకున్న కుర్రాళ్లు, పదిహేడు రోజుల ప్రయాణం. మన చూయ్ లోయలో బీట్ దుంపలు పీకేసిన పొలాన్ని చదును చేసుకుని అదే రన్‌వే అనుకున్నాం. రెండు పూటలా బీట్ చారే. "మా రక్తం కూడా తీపెక్కిపోయింది, చీమలు పడతాయేమో" అని కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఏడాదిన్నరలో నేర్పాల్సిన యుద్ధ విమానాన్ని ఐదు నెలల్లో నేర్పి పంపేవాళ్లం. చాలామంది ఆ తర్వాత ఐదు నెలలు కూడా బతకలేదు. వాళ్ల పేర్లన్నీ రాయి, ఒక్కటీ వదలకు.

ఇక నీ చివరి ప్రశ్న. నలభై మూడు మే దాకా శిక్షకుల జాబితాలో ఉన్న నా పేరు జూన్ నుంచి మెకానిక్‌ల జాబితాలోకి ఎందుకు మారిందని అడిగావు. చెవి జబ్బని నీకు చిన్నప్పటి నుంచీ చెప్పాను. అది అబద్ధం.

సెయిత్‌కాజీ అని నా శిష్యుడు ఉండేవాడు. కజక్కు పిల్లవాడు, నా శిష్యులందరిలో చెయ్యి తిరిగినవాడు. మే నెలలో ఒక ఉదయం గింగిరాల పాఠానికి తీసుకెళ్లాను, గిరగిరా తిరుగుతూ పడే విమానాన్ని నిలబెట్టడం నేర్పే పాఠం అది. ముందు సీటులో వాడు, వెనక నేను. రెండున్నర వేల మీటర్ల ఎత్తులో విమానాన్ని గింగిరాల్లోకి దించాడు. తిప్పి నిలబెట్టమన్నాను. కదల్లేదు. విమానం నడిపే స్టిక్కును పొట్టకు అదిమిపెట్టుకుని బిగుసుకుపోయాడు.

"వదులు, సెయిత్‌కాజీ. చేతులు తియ్యి."

వాడి స్టిక్కుతో జోడించి ఉన్న నా స్టిక్కును రెండు చేతులతో తోశాను. వాడి బలం ముందు అది వేలెడు కూడా జరగలేదు. వెయ్యి మీటర్లు. పక్క పొలాల్లో దుంపల వరసలు కనబడుతున్నాయి. ఎనిమిది వందలు.

అప్పుడు నేను "దూకు" అని వాడికి చెప్పాలి. చెప్పి, వాడు దూకాకే నేను దూకాలి. చెప్పలేదు, తురాత్. తల మీది గాజు పైకప్పు తోసి దూకేశాను.

పారాచూట్‌కు వేలాడుతూ చూశాను. నేల ఇంకా కొద్ది దూరంలో ఉందనగా ఆ విమానం నిలకడకొచ్చింది. ఒక చుట్టు తిరిగి రన్‌వే మీద దిగింది.

ఆ సాయంత్రం మా పై అధికారి మేజర్ గ్రుదీనిన్ ఇద్దరినీ పిలిచాడు.

"దూకమని ఆజ్ఞ ఇచ్చావా?"

"ఇచ్చానండి" అన్నాను.

సెయిత్‌కాజీ నా వైపు చూశాడు. తర్వాత మేజర్‌తో, "నాకు వినపడలేదండి" అన్నాడు.

"వినపడలేదో, వినలేదో" అన్నాడు మేజర్.

ఆజ్ఞ మీరాడని మూడో రోజే వాడిని కాల్బలంలోకి పంపేశారు. ఆ తర్వాత నేను మళ్లీ ఆ వెనక సీటు ఎక్కలేకపోయాను. రెక్క మీద కాలు పెట్టి మళ్లీ దిగిపోయేవాడిని. చెవి నొప్పి అని చెప్పి మెకానిక్‌ల దగ్గర చేరాను.

నీ ఉత్తరం అందాక, సెయిత్‌కాజీ ఉంటున్న తలాస్ ఊరికి వెళ్లాను. వాడు అక్కడ ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు. యుద్ధంలో ఎడమ కాలు పోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, ముక్కాలి పీట జరిపాడు.

"కూర్చో అన్నా. ఇంత దూరం వచ్చావు, ఈసారి మధ్యలో దూకెయ్యకు."

టీ పోశాడు. ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పను? బిగుసుకుపోయింది నేను. అది బయటపెట్టడానికి నాకూ సిగ్గే."

"మరి విమానం ఎలా నిలబెట్టావు?"

"వెనక సీటు కనబడే అద్దంలో చూశాను. అది ఖాళీ. ఇక ఎవరూ లేరని తెలిశాక చేతులు వాటంతటవే కదిలాయి." టీ గిన్నె కింద పెట్టి అన్నాడు. "అలాగని నీకు దండం పెడతాననుకోకు. ఎగరడం నాకెంత ఇష్టమో నీకు తెలుసు. ఇప్పటికీ పైన విమానం పోతే తలెత్తను."

జరిగింది మీ బడికి రాసి పంపనా అని అడిగాను.

"రాయి. నేను బిగుసుకుపోయానని కూడా రాయి. సగం రాస్తే అదీ అబద్ధమే."

తురాత్, వచ్చే నెల నీకూ గింగిరాల పాఠం అన్నావు. పైన చేతులు బిగుసుకుపోతే సిగ్గుపడకు, నోరు తెరిచి చెప్పు. వెనక ఉన్న మనిషి నాలాంటివాడు కాకూడదని కోరుకుంటున్నాను.

సంతకం చేసిన వాంగ్మూలం మీ బడి అధిపతికి పంపాను. దాన్ని అందరి ముందూ నువ్వే చదవాల్సి రావచ్చు. చదవలేనంటే నిన్ను తప్పు పట్టను. మీ అమ్మకు అంతా చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, ఈ ఉదయం మాట్లాడింది.

వాంగ్మూలం నిన్ననే పోస్టు చేశాను, ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నాను. ముందు నీకే రాసి ఉంటే నీ జవాబు కోసం ఆగేవాడిని. నువ్వు వద్దంటావేమోనని ఆశపడేవాడిని.

ఇట్లు,
నీ మేలు కోరే తండ్రి
ఇసాబెక్