ఐసు షెడ్డు ప్రశ్న

హైదరాబాద్
జూన్ 20

ప్రియమైన అనూకి,

ఫోను చేస్తే "కోర్టులో ఉన్నానే" అని పెట్టేస్తావు. అదే విజయనగరం హాస్టల్లో ఉన్న రోజుల్లో, సెలవులకి ఇంటికెళ్తే పేజీలకి పేజీలు రాసేదానివి. అందుకే ఈసారి కాగితం పట్టాను. తీరిగ్గా చదివి తీరిగ్గా జవాబు రాయి.

నేను రాస్తున్న క్రైమ్ సీరియల్ బాగానే నడుస్తోంది. మీ అమ్మ దానమ్మ పిన్ని పేటలో చుట్టుపక్కల వాళ్ళందరినీ పోగేసి, టైటిల్స్‌లో నా పేరు పడగానే "మా అనూ సేయితురాలే, మా ఇంట్ల అన్నం తిన్న పిల్ల" అని చెప్తుందట కదా. మీ అమ్మ ఉండగా నాకు వేరే పబ్లిసిటీ అక్కర్లేదు.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. మా కథలో శేషాద్రి అని పేరున్న లాయరు ఒకడు. ఓ హత్య కేసులో ముద్దాయి తరపున నిలబడ్డాడు. ఆ ముద్దాయి అతనికి బద్ధశత్రువు. మరి ఎందుకు నిలబడ్డాడు? ఛానెల్ వాళ్ళు డబ్బు కోసం అంటున్నారు. డైరెక్టరుగారు ముద్దాయి చెల్లెలి మీద ప్రేమ అంటున్నారు. నాకు రెండూ రుచించలేదు. నిజం లాయరువి నువ్వున్నావు కదా, నువ్వైతే ఎందుకు నిలబడతావు? నిలబడ్డాక అతన్ని ఓడించాలనుకుంటే, ఎవరికీ అనుమానం రాకుండా ఎలా ఓడిస్తావు?

డొంకతిరుగుడు లేకుండా రాయి. నేను కులాసాగా ఉన్నాను. ఇక్కడ కిటికీ తెరిస్తే ఎదురింటి గోడే కనబడుతుంది. రాసుకునేటప్పుడు మాత్రం మా ఎస్.కోట కొండల్నే తలుచుకుంటాను.

పోస్టుమాన్ కోసం గుమ్మంలో కాచుకునే
నీ రేఖ

శ్రీకాకుళం
జూలై 2

ప్రియమైన రేఖకి,

నీ శేషాద్రి గురించి చదివి మొదట నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. నీకు చెప్పని సంగతి ఒకటుంది. అతను చేస్తున్న పనే నేనూ చేస్తున్నాను.

నరసింగరావు గుర్తున్నాడు కదా, మా పేటలో మర బోట్లున్న ఆసామి. మనం డిగ్రీ చదివేటప్పుడు వచ్చిన తుపానులో, హెచ్చరిక ఉండగానే అతని బోటు వేటకి వెళ్ళింది. అందులో మా నాన్న దాలయ్య, లక్ష్మణమ్మ అత్త కొడుకు, ఇంకో కుర్రాడు ఉన్నారు. ఒక్కరూ తిరిగి రాలేదు. "నేను వద్దన్నా వినకుండా దాలయ్యే బోటు తీశాడు" అని నరసింగరావు విచారణలో చెప్పాడు. కాదనడానికి ఎవరూ మిగల్లేదు. ఆ రోజు నుంచి మా నాన్న, ఇద్దరు కుర్రాళ్ళని పొట్టనపెట్టుకున్న మొండివాడయ్యాడు. లక్ష్మణమ్మ అత్త మళ్ళీ మా గడప తొక్కలేదు. నేను లా ఎందుకు చదివానో నీకు తెలుసు.

కిందటేడు మే నెలలో చేపల వ్యాపారి గోవింద్‌ని ఎవరో ఒడ్డున తెడ్డుతో కొట్టి చంపేశారు. అంతకుముందే ధర దగ్గర అతనికీ నరసింగరావుకీ పెద్ద గొడవైంది. దొరికిన తెడ్డు నరసింగరావు బోటుది. ట్రాలీ ఆటో నడిపే సోములు, నరసింగరావు కొడుతుండగా కళ్ళారా చూశానన్నాడు. బెయిలు రాలేదు. జైలు నుంచి నరసింగరావు పెద్ద పెద్ద లాయర్లని కాదని నాకు కబురు పెట్టాడు.

వెళ్ళాను. "నన్ను ఇడిపించాల్సిన అగత్యం నీకు లేదు. అందుకే నువ్వు నా పక్కన నిలబడితే ఊరు నమ్ముతాది" అన్నాడు. వకాలత్ మీద సంతకం పెట్టించుకున్నాను. నువ్వడిగిన "ఎందుకు"కి నా జవాబు ఇది: అతను నన్ను బతిమాలుకుంటుంటే ఇంకా చూడాలనిపించింది. నీ శేషాద్రికి ఇది సరిపోతే వాడుకో. అమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది.

ఇక రెండో ప్రశ్న. కాగితాలు చదివాక అతను చంపలేదని నాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రం ఐసు షెడ్డు దగ్గర ఆటోలోకి ఐసు ఎక్కిస్తూ చూశానని సోములు పోలీసులకి చెప్పాడు. మే నెలంతా సముద్రంలో చేపల వేట నిషేధం. మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఐసు షెడ్డుకి తాళం పడుతుంది. లేని ఐసుని ఎలా ఎక్కించాడు? రాసుకున్న పోలీసులకి తట్టలేదు. జడ్జిగారిది అనంతపురం. ప్రాసిక్యూటరుగారు సముద్రం చూసేది పిక్నిక్కులప్పుడే. నాకు మాత్రం మొదటిసారి చదవగానే కొట్టొచ్చినట్టు కనబడింది.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిగతా ప్రశ్నలన్నీ బల్ల గుద్ది అడిగి, ఆ ఒక్కటీ వదిలేస్తే చాలు. నరసింగరావుకి యావజ్జీవం పడుతుంది. "పాపం, బాగానే వాదించింది" అని అందరూ నన్నే మెచ్చుకుంటారు. ఓడించడమంటే అంతే.

అడుగుతాననే అనుకుంటున్నాను. నాన్న ఫొటో చూసినప్పుడు మాత్రం ఆ మాట గట్టిగా చెప్పలేను. ఇది నీ దగ్గరే ఉండనీ.

సముద్రం ఒడ్డు నుంచి
నీ అనూ

హైదరాబాద్
ఆగస్టు 10

ప్రియమైన అనూకి,

నీ ఉత్తరం చదివాక ఇక శేషాద్రి కథలో నా కలం ఆగలేదు. కంగారు పడకు, కథలో సముద్రమూ లేదు, ఐసూ లేదు. శేషాద్రి తండ్రి లారీ డ్రైవరు. కుంభవృష్టిలో ఘాట్ రోడ్డు మీదకి యజమాని పంపిస్తే లోయలో పడి చనిపోయాడు. తప్పు డ్రైవరుదేనని యజమాని తేల్చేశాడు. ఇన్నేళ్ళకి ఆ యజమానే హత్య కేసులో ఇరుక్కుని శేషాద్రి కాళ్ళ దగ్గరికి వస్తాడు. మొన్న వచ్చిన భాగంలో శేషాద్రి తండ్రి ఫొటో ముందు నిలబడి, "నేనేమీ చెయ్యను నాన్నా, ఒక్క ప్రశ్న అడగను, అంతే" అంటాడు.

మా ఆఫీసులో స్వీట్లు పంచారు. చూసినవాళ్ళంతా "అడగొద్దు శేషాద్రీ" అని మెసేజులు పెడుతున్నారు. వాళ్ళని చూసి నాకూ అనిపిస్తోంది: నువ్వు అడగకపోతే మాత్రం తప్పేముందే? ముగ్గురు మనుషులు పోయారు. అప్పుడు అబద్ధమాడి తప్పించుకున్నవాడు, ఇప్పుడు ఇంకొకడి అబద్ధానికి దొరికాడు. దేవుడు తూచి ఇచ్చినట్టు లేదూ?

విచారణ ఎప్పుడో రాయి.

నీ మీద పూర్తి నమ్మకంతో
రేఖ

శ్రీకాకుళం
ఆగస్టు 18

రేఖకి,

ప్రియమైన అని రాయడానికి ఈ రోజు చెయ్యి రావడం లేదు.

నిన్న పొద్దున నరసింగరావు భార్య దేముడమ్మ నా ఆఫీసుకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "సీరియల్ల శేషాద్రంటే నువ్వే కదేటి?" అంది. అది కథ అన్నాను, అందులో లారీ ఉంది కదా అన్నాను. "లారీ అయితే ఏటి, బోటయితే ఏటి? రాసిన పిల్ల నీ సేయితురాలని మీ యమ్మే ఈదంతా సెప్పింది. నువ్వు అడక్కుండా ఒగ్గేసే ఆ పెశ్నేటో నాకు సెప్పు. లేదంటే వకాలత్ తిరిగిచ్చీ" అంది.

చెప్పలేకపోయాను. చెప్తే సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది, సోములు చెవిన పడుతుంది, కేసు పోతుంది. అలాంటి ఆలోచనే నాకు లేదని అబద్ధమూ ఆడలేకపోయాను. నిజంగా ఉంది కదా. ఆమెకి అదే చాలింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని తిన్నగా జైలుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఏ సలహా ఇచ్చినా ఆ ఇంట్లో నమ్మేవాళ్ళు లేరు. నిర్దోషి ఒకడు నీ సీరియల్ వల్ల జైల్లో ఉండిపోతే నువ్వు స్వీట్లు తింటావా? నీ దగ్గరే ఉండనీ అని రాశాను. అంత చిన్న మాట కూడా నీ చేతిలో నిలవలేదు.

జవాబు రాయొద్దు.

అనూరాధ

హైదరాబాద్
ఆగస్టు 30

ప్రియమైన అనూకి,

రాయొద్దన్నా రాస్తున్నాను. చదవకుండా చింపేసినా సరే.

సముద్రం తీసేసి లారీ పెడితే నిన్ను దాచేశాననుకున్నాను. నీ బాధ మాత్రం ఉన్నదున్నట్టు దింపేశాను. మిగతా సీన్లన్నీ నేను కల్పించినవి, ఆ ఫొటో సీను ఒక్కటే నీది. జనానికి నచ్చిందీ అదే. నేను చేసిన పని దొంగతనమే. దానికి వేరే పేరు వెతకను.

నీ ఉత్తరం అందిన రోజే ఛానెల్‌కి వెళ్ళి, శేషాద్రి ఆ ప్రశ్న అడిగి తీరాలని చెప్పాను. అడిగితే కథ అక్కడే అయిపోతుంది, అడగకపోతే ఇంకో ఏడాది నడుస్తుందన్నారు. అయితే నా పేరు తీసెయ్యమన్నాను. నన్నే తీసేశారు. దిగులేమీ లేదులే, చేతిలో కలం ఉంది, ఇంకో చోట రాసుకుంటాను.

అడగకపోతే తప్పేముందని రాశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది టీవీ ముందు కూర్చున్నవాళ్ళ మాట. నిన్ను ఎరిగినదాన్ని, నేను అనాల్సిన మాట కాదు. దేముడమ్మ దగ్గరికి వచ్చి తప్పు నాదని చెప్పమంటే రేపు రైలెక్కుతాను.

నువ్వు తిట్టినా నీ
రేఖ

శ్రీకాకుళం
నవంబర్ 24

ప్రియమైన రేఖకి,

కోపం ఎప్పుడో పోయింది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం వేరే. నా దగ్గర ఒక మాట ఉండిపోయింది, దాన్ని ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు. ఉత్తరం మొదలుపెడితే అదే వచ్చేస్తుందని భయపడ్డాను. ఇప్పుడు ఊరంతా విన్నది కాబట్టి రాస్తున్నాను.

దేముడమ్మ వచ్చిన మర్నాడు నేనూ జైలుకి వెళ్ళాను. నరసింగరావుకి అప్పటికే అంతా తెలుసు. సీరియల్లో వచ్చిన ఆలోచన నాదేనని, అది ఇంకా పూర్తిగా పోలేదని, వేరే లాయరు కావాలంటే కాగితాలన్నీ ఇప్పుడే ఇచ్చేస్తానని చెప్పాను. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మీ అయ్యని నానే ఎల్లమన్నాను. గాలి బాగోలేదు, వద్దన్నాడు. ఎల్లకపోతే మల్లీ నా బోటెక్కొద్దన్నాను" అన్నాడు. తర్వాత తలెత్తి, "ఇది ఇన్నాక కూడా నా కేసు సూస్తావేటి?" అని అడిగాడు.

రేఖా, ఆ మాట వినాలనే కదా నేను నల్లకోటు తొడిగింది. తీరా విన్నాక అది నా గొంతు దాటడానికి వీల్లేదు. ముద్దాయి తన లాయరుతో చెప్పుకున్నది లాయరు దగ్గరే ఉండాలి. అమ్మకి కూడా చెప్పడానికి లేదు. "చూస్తాను. గోవింద్‌ని నువ్వు చంపలేదు" అనేసి బయటికి వచ్చాను.  అతను లాయరుని మార్చలేదు.

సెప్టెంబరులో సోములు బోనెక్కాడు. ఐసు ఎన్ని దిమ్మలు ఎక్కించావని అడిగితే నాలుగన్నాడు. ఎక్కడి నుంచంటే షెడ్డులోంచి అన్నాడు. అక్కడ ఆగాను. "ఇంతే" అని కూర్చోవచ్చు. దేముడమ్మ వెనక బెంచీలోంచి నన్నే చూస్తోంది. నాకు ఆమె మీద జాలి కలగలేదు, నరసింగరావు మీద కోపం తగ్గలేదు. బోనులో నిలబడి సోములు చూడనిది చూశానని చెప్తుంటే, మా నాన్న విచారణ రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజూ ఒకడు ఇలాగే తొణక్కుండా అబద్ధం చెప్పాడు, అడగాల్సినవాళ్ళు ఊరుకున్నారు. ఆ ఊరుకున్నవాళ్ళలో నేనూ చేరలేకపోయాను. శేషాద్రికి ఉద్దేశం ఏం పెట్టాలని అడిగావు కదా, నాకు ఆ నిమిషాన ఉన్నది అదొక్కటే.

"వేట నిషేధంలో షెడ్డు తాళం ఎవరు తీశారు?" అని అడిగాను.

సోములు వెనక బెంచీల వైపు చూశాడు. జడ్జిగారు మళ్ళీ అడిగారు. షెడ్డు యజమాని జగన్నాధంగారిని పిలిపిస్తే, ఆ నెలంతా తాళం వేసే ఉందన్నారు. చివరికి సోములు తను అక్కడికి వెళ్ళనే లేదని, గోవింద్ తమ్ముడు చెప్పమన్నట్టే చెప్పానని ఒప్పుకున్నాడు. నరసింగరావు మీద కోపంతో ఆ తమ్ముడు అలా చెప్పించాడట. ఈ నెల మొదట్లో కేసు కొట్టేశారు. చంపినవాళ్ళ కోసం పోలీసులు మళ్ళీ వెతుకుతున్నారు.

నరసింగరావుని తీసుకెళ్ళడానికి పేట నుంచి జనం వ్యాన్లు వేసుకుని, బాణసంచా పట్టుకుని వచ్చారు. నేను అతన్ని ఏమీ కోరలేదు. అతను మాత్రం పేటలో దిగగానే ఇంటికి పోకుండా తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చాడు. అమ్మ తలుపు వేసుకుంది. వీధిలో నిలబడే, జైల్లో నాతో చెప్పిన మాటలన్నీ గట్టిగా, అందరూ వినేలా చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతన్నే అడగాలి. నేనింకా అడగలేదు.

అమ్మ తలుపు తీసింది.

"నాకెందుకు సెప్తన్నావు? నా మొగుడి సంగతి నాకు ఎరికే. పోయి లక్ష్మణమ్మకి సెప్పు" అంది.

వెళ్ళి చెప్పాడు. లక్ష్మణమ్మ అత్త లోపలికి వెళ్ళి తలుపేసుకుందట. ఆ తుపాను మీద మళ్ళీ విచారణ కోరితే అతనికి వ్యతిరేకంగా నేను నిలబడలేను, అందుకని వేరే లాయరు పేరు రాసి ఆమెకి పంపించాను.

నిన్న ఆదివారం పేటలోనే ఉన్నాను. పొద్దున్నే అమ్మ చేపల బుట్టలు సర్దుకుంటోంది. గుమ్మం దగ్గర అలికిడైతే చూశాను. లక్ష్మణమ్మ అత్త. బాగా ముసలిదైపోయింది. కాసేపు అక్కడే నిలబడి, లోపలికొచ్చి అమ్మ పక్కన కూలబడింది. ఇద్దరూ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. "ఆటో వచ్చీసింది దానీ. నీయి కూడా అందులోనే ఎయ్యి" అంది అత్త. అమ్మ తలూపింది. చెరో వైపు పట్టుకుని పెద్ద బుట్ట ఎత్తబోయారు, ఇద్దరి వల్లా కాలేదు. అమ్మ నా వైపు తిరిగింది.

"సూస్తా నిలబడిపోయావేటి, ఓ సెయ్యెయ్యి" అంది.

కేసు పట్టుకున్నాక అమ్మ నాతో అన్న మొదటి మాట అది. చెయ్యి వేశాను.

చేపల వాసన ఇంకా పోని చేతులతో
నీ అనూ